రైజింగ్ కాంట్రాక్టు రద్దు చేసి గనిని ఇంకొకరికి అప్పగిస్తున్నారు: ఇంజంక్షన్ (కోర్టు నిషేధం) వస్తుందా?

బెంచ్‌కట్ అడిగారు:

మాది రైజింగ్ (గని తవ్వి ఖనిజం తీసిపెట్టే) కాంట్రాక్టు కంపెనీ. మాంగనీస్ గని, లీజు వేరే ప్రైవేటు కంపెనీ పేరు మీద ఉంది. ఒప్పందం పదేళ్లకు రాసుకున్నాం, ఇంకా ఆరేళ్లు మిగిలి ఉంది. ఓవర్‌బర్డెన్ (ఓబీ, ఖనిజం మీదున్న మట్టి, రాయి) తీయడం, ఖనిజం తవ్వడం, క్రషింగ్, స్క్రీనింగ్, స్టాక్‌యార్డుకు చేర్చడం మా పని. టన్నుకు ఇంత అని రేటు. రాయల్టీ, పర్మిట్లు, అమ్మకాలు అన్నీ లీజుదారే చూసుకుంటారు.

పది రోజుల కిందట రద్దు నోటీసు వచ్చింది. రెండు కారణాలు రాశారు. ఒకటి, ఉత్పత్తి లక్ష్యం అందుకోలేదని. రెండోది, ఈ ఒప్పందమే ప్రభుత్వ అనుమతి లేని బదిలీ కిందికి వస్తుంది కాబట్టి మొదటి నుంచీ చెల్లదని. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ క్లాజు ఉంది. కారణం చూపి 30 రోజుల నోటీసుతో రద్దు చేసుకునే క్లాజు కూడా ఉంది. ఇంకో కాంట్రాక్టరుతో మాటలు నడుస్తున్నాయి, వాళ్ల మనుషులు వచ్చి పిట్ చూసుకుని వెళ్లారు.

మా ఎక్స్‌కవేటర్లు, టిప్పర్లు, స్క్రీనింగ్ ప్లాంటు లోపలే ఉన్నాయి. గేటు దగ్గర బయటికి వదలడం లేదు. మేం తవ్వి పోసిన, ఇంకా బిల్లు కాని స్టాకు యార్డులో ఉంది.

సివిల్ కోర్టులో సూటు వేయాలా, ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 9 కింద మధ్యంతర రక్షణకు వెళ్లాలా? పని మేమే కొనసాగించేలా ఆర్డరు వస్తుందా? కనీసం స్టేటస్ కో (ఉన్నది ఉన్నట్టు ఉంచే ఆర్డరు) అయినా తెచ్చుకుంటే సరిపోతుందా?

---

సివిల్‌సైడ్ జవాబు:

సెక్షన్ 9. అందులో రెండో ఆలోచన అక్కర్లేదు. ఆర్బిట్రేషన్ క్లాజు పెట్టుకుని సూటు వేస్తే అవతలివాళ్లు తమ వాదన దాఖలు చేయకముందే సెక్షన్ 8 దరఖాస్తు పెడతారు, కోర్టు మిమ్మల్ని ఆర్బిట్రేషన్‌కే పంపుతుంది. ఈలోపు రెండు నెలలు పోతాయి. పైగా సహజ వనరుల వెలికితీతకు సంబంధించిన వివాదం 2015 కమర్షియల్ కోర్టుల చట్టంలో 'వాణిజ్య వివాదం' నిర్వచనంలోనే ఉంది. విలువ 3 లక్షల రూపాయలు గానీ, ఆపైన గానీ ఉంటే కమర్షియల్ కోర్టుకే వెళ్లాలి. అక్కడ సూటు వేయాలంటే సెక్షన్ 12ఏ ప్రకారం ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాలి, అత్యవసర మధ్యంతర ఉపశమనం కోరితే తప్ప. ఆ అత్యవసరం నిజమైనదా, మధ్యవర్తిత్వం తప్పించుకోవడానికి తగిలించిందా అని కోర్టు చూస్తుందని సుప్రీంకోర్టు 2023లో యామిని మనోహర్ కేసులో చెప్పింది. సెక్షన్ 9 పిటిషన్‌కు ఈ గొడవ లేదు.

ఇక అసలు ప్రశ్న. 'గని మేమే నడుపుకునేలా ఆర్డరు ఇవ్వండి' అన్న ప్రేయర్ (కోర్టును కోరే ఉపశమనం) దొరకడం చాలా కష్టం. మీ పరిస్థితికి అద్దం పట్టే తీర్పు ఒకటుంది: ఆధునిక్ స్టీల్స్ వర్సెస్ ఒరిస్సా మాంగనీస్ అండ్ మినరల్స్, సుప్రీంకోర్టు, 2007. అక్కడా మాంగనీసే, 2003లో రాసుకున్న పదేళ్ల రైజింగ్ ఒప్పందమే. లీజుదారు 1960 నాటి ఖనిజ రాయితీ నిబంధనల్లోని 37వ నిబంధన చూపించి, అనుమతి లేని బదిలీ అవుతుందంటూ రద్దు చేసుకున్నాడు. కాంట్రాక్టరు సెక్షన్ 9 కింద వెళ్తే జిల్లా కోర్టు ఇంజంక్షన్ ఇచ్చింది, హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టు తేల్చింది ఇదీ: సెక్షన్ 9 అనేది గాల్లో వేలాడే అధికారం కాదు, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం, ఇంజంక్షన్ల సాధారణ సూత్రాలు దానికీ వర్తిస్తాయి. కాంట్రాక్టరును మళ్లీ గనిలోకి దించలేదు. లీజుదారు స్వయంగా తవ్వుకోవడాన్నీ ఆపలేదు. కానీ ఆర్బిట్రేషన్ తేలేదాకా అలాంటి పనిని మూడో వ్యక్తికి అప్పగించకుండా ఆపింది.

మీరు అడగాల్సిందీ అదే. ఒప్పందంలో 'ఈ పని ఇంకెవరికీ ఇవ్వం' అన్న క్లాజు ఉందేమో ఇవాళే వెతకండి. ఉంటే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 42 మీ చేతికొస్తుంది. ఒప్పందం మొత్తాన్ని కోర్టు అమలు చేయించలేకపోయినా, 'చేయం' అని ఒప్పుకున్న భాగాన్ని ఉల్లంఘించకుండా ఆపొచ్చు. షరతు ఒకటే, మీ వైపు బాధ్యతలు మీరు నెరవేర్చి ఉండాలి. ఉత్పత్తి లక్ష్యం తప్పారన్న ఆరోపణ ఇక్కడే తగులుతుంది. అందుకే నెలవారీగా లక్ష్యం ఎంత, తవ్వింది ఎంత, తగ్గిన నెలల్లో కారణమేంటి అన్నది ఒకే పట్టికలో పెట్టండి. పేలుళ్లకు అనుమతి ఆలస్యమైందా, ఓబీ డంపుకు జాగా చూపించలేదా, బిల్లులు ఆగి డీజిల్‌కు ఇబ్బందైందా, ప్రతి కారణానికీ ఆనాటి ఉత్తరమో మెయిలో జతచేయండి. రద్దు నోటీసు వచ్చాక రాసిన ఉత్తరాలకు విలువ తక్కువ.

'పూడ్చలేని నష్టం' దగ్గర ఎక్కువమంది కాలు జారుతారు. మిగిలిన ఆరేళ్ల టన్నులు, టన్నుకు మార్జిన్, మొత్తం ఇన్ని కోట్లు అని పిటిషన్‌లోనే లెక్క కట్టి చూపిస్తారు. అంత కచ్చితంగా లెక్క తేలే నష్టమైతే డబ్బుతో పూడుతుంది, ఇంజంక్షన్ దేనికి అని అవతలి లాయరు లేచి అడుగుతాడు. ఆ లెక్క ఆర్బిట్రేటర్ ముందు పెట్టేది. సెక్షన్ 9 పిటిషన్‌లో రాయాల్సింది వేరు: కొత్త కాంట్రాక్టరు దిగితే మీరు తెరిచిన బెంచ్‌లు (మెట్లలా కోసిన తవ్వకపు అంచెలు), తీసిన ఓబీ, పోసిన స్టాకు అన్నీ కలిసిపోతాయి, ఎవరు ఎంత చేశారో తర్వాత కొలిచే దారి ఉండదు, మూడో పక్షానికి హక్కులు పుట్టుకొస్తాయి అని.

---

టోటల్‌స్టేషన్ జవాబు:

పైన చెప్పిన చివరి మాటకు సర్వే వైపు నుంచి చేర్పు. స్టాకు, పిట్ కొలతలు కోర్టు ద్వారా జరగాలి. మీరొక్కరే డ్రోన్ ఎగరేసి తెచ్చుకున్న రిపోర్టును అవతలివాళ్లు మొదటి వాయిదాలోనే ఒప్పుకోం అంటారు. సెక్షన్ 9లోనే తనిఖీకి, నమూనాలు తీయడానికి ఆర్డరు ఇచ్చే అధికారం ఉంది. అడ్వొకేట్ కమిషనర్‌ను వేయమని, ఆయనకు సాయంగా సర్వేయర్‌ను ఇవ్వమని అడగండి. కమిషన్ వారెంట్‌లో ఏం కొలవాలో మీరే రాసి ఇవ్వాలి. 'స్టాకును పరిశీలించి నివేదిక ఇవ్వవలెను' అని ఒక్క వాక్యం ఉంటే ఆయన వచ్చి ఫోటోలు తీసుకుని వెళ్తారు, తర్వాత ఎందుకూ కొరగాదు.

రాయాల్సినవి ఇవి. ముడి ఖనిజం కుప్ప, సైజు చేసిన ఖనిజం, ఫైన్స్ (పొడి), సబ్‌గ్రేడ్ (తక్కువ రకం), దేనికది విడిగా నంబరు, విడిగా ఘనపరిమాణం. పిట్‌లో ప్రతి బెంచ్ పై అంచు, కింది అంచు లెవెళ్లు. ఓబీ డంపు సరిహద్దు, ఎత్తు. సర్వేకు వాడిన కంట్రోల్ పాయింట్లు లీజు సరిహద్దు స్తంభాలకు ముడిపడి ఉండాలి. లేకపోతే ఆర్నెల్ల తర్వాత ఇంకో సర్వేతో పోల్చినప్పుడు రెండూ కలవవు.

బల్క్ డెన్సిటీ సంగతి చాలామంది వదిలేస్తారు. సర్వే ఇచ్చేది ఘనపు మీటర్లు, బిల్లు అయ్యేది టన్నులు. 12,000 ఘనపు మీటర్ల కుప్పను 2.1తో గుణిస్తే 25,200 టన్నులు, 2.4తో గుణిస్తే 28,800. మధ్యలో 3,600 టన్నుల తేడా కేవలం ఒక అంకె వల్ల వచ్చింది. అందుకని కమిషనర్ ముందే కొలతపెట్టెలో ఖనిజం నింపి వేబ్రిడ్జి మీద తూయించండి. ప్రతి కుప్పకూ విడిగా చేయండి, ఫైన్స్‌ది, లంప్‌ది ఒకటి కాదు. తేమ శాతం అదే రోజు తీయాలి. వేబ్రిడ్జి కాలిబ్రేషన్ సర్టిఫికెట్ గడువు చూసుకోండి. దాటిపోయి ఉంటే ఆ తూకం మీద వాదన మొదలవుతుంది.

గ్రేడ్ కోసం కుప్ప పైపొర నుంచి మాత్రమే నమూనా తీయనివ్వొద్దు. వానకు కడిగిన పైపొర లోపలి సరుకును చూపించదు. నలువైపులా, వేర్వేరు ఎత్తుల్లో, పైపొర తొలగించాక తీసి, కలిపి, కోనింగ్ అండ్ క్వార్టరింగ్‌తో (కుప్పపోసి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు ఉంచుకునే పద్ధతి) తగ్గించి మూడు సంచులు చేయాలి. ఒకటి మీకు, ఒకటి వాళ్లకు, మూడోది కమిషనర్ సీలుతో ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబుకు.

లీజు విస్తీర్ణం 50 హెక్టార్లు గానీ, ఏడాది తవ్వకం ప్రణాళిక 10 లక్షల టన్నులు గానీ చేరినా, దాటినా లీజుదారు ఏటా డ్రోన్ సర్వే చిత్రాలను ఐబీఎంకు (ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్) ఇవ్వాలి. మీ గని ఆ కోవలోకి వస్తే వాటిని కోర్టు ద్వారా తెప్పించండి. ఐబీఎంకు పంపిన నెలవారీ రిటర్నులు కూడా. అందులో లీజుదారే చూపించిన ఉత్పత్తి, నిల్వ అంకెలుంటాయి. రిటర్నులో ఒకటి చూపించి, మీ బిల్లు దగ్గర ఇంకోటి చెప్పడం కుదరదు కదా.

స్టేటస్ కో గురించి: గనిలో ఆ రెండు మాటలంత ప్రమాదం ఇంకోటి లేదు. పంపులు కూడా ఆగాలా? ఆగితే పిట్‌లో నీళ్లు నిండుతాయి, కింది బెంచ్ పాదం నాని జారుతుంది. గార్లాండ్ డ్రెయిన్ (గని చుట్టూ నీరు మళ్లించే కాలువ) పూడిక తీయొచ్చా లేదా? మ్యాగజీన్‌లో ఉన్న పేలుడు పదార్థాలను ఏం చేయాలి, లైసెన్సు ఎవరి పేరు మీద ఉంది? గనుల భద్రతా చట్టం కింద ఉండాల్సిన మేనేజరు మీ మనిషైతే, ఆయన వెళ్లిపోయిన మర్నాడు బాధ్యత ఎవరిది? ఆ చట్టం ప్రకారం గనిలో పని చేసే కాంట్రాక్టరు కూడా యజమానితో సమానంగా బాధ్యుడే, అలాగని లీజుదారు తప్పించుకోలేడు. ఆర్డరులో 'నీటి తోడకం, హాల్ రోడ్డు, డ్రెయిన్ల నిర్వహణ, కాపలా, చట్టప్రకారం ఉండాల్సిన సిబ్బంది ఈ ఆంక్షకు బయట' అని స్పష్టంగా ఉండాలి.

---

బెంచ్‌కట్ రాశారు:

చాలా ఉపయోగపడింది. వెతికి చూశాం. 'ఒప్పంద కాలంలో లీజుదారు ఇంకొకరిని నియమించరాదు' అన్న క్లాజు ఉంది. మూడు సందేహాలు. చెల్లని బదిలీ అన్న వాదన నిలబడుతుందా? ఎక్స్‌పార్టీ (అవతలివాళ్లను వినకుండా ఇచ్చే) ఆర్డరు తెచ్చుకోవచ్చా, వాళ్లు ముందే కేవియట్ (మాకు చెప్పకుండా ఆర్డరు ఇవ్వొద్దన్న దరఖాస్తు) వేసి ఉంటే ఏమవుతుంది? మా బ్యాంకు గ్యారంటీ వాళ్ల దగ్గర ఉంది, దాన్ని ఎన్‌క్యాష్ చేస్తామంటున్నారు, ఆపగలమా?

---

రెస్పాండెంట్‌సైడ్ జవాబు:

అవతలి పక్షం తరఫున ఆలోచించి చెప్తాను, మీకు అదే ఎక్కువ పనికొస్తుంది.

బదిలీ వాదనలో కోర్టు ఒప్పందం శీర్షికను కాదు, పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయో చూస్తుంది. పాత 37వ నిబంధన నేరుగా చేసిన బదిలీనే కాదు, లీజుదారుకు పెద్ద ఎత్తున డబ్బు ఇంకొకరు పెట్టే, లేదా గని మీద అజమాయిషీ ఇంకొకరు చేసే ఏర్పాటును కూడా అనుమతి లేకుండా నిషేధించింది. ఇప్పుడు చూడాల్సింది గనులు, ఖనిజాల (ఎంఎండీఆర్) చట్టం 12ఏ సెక్షన్, 2016 రాయితీ నిబంధనలు. ఖనిజం కాంట్రాక్టరే అమ్ముకుని, లీజుదారుకు టన్నుకు ఇంత అని ఇస్తుంటే అది సబ్‌లీజు వాసన కొడుతుంది. మీ విషయంలో అమ్మకం, పర్మిట్లు, రాయల్టీ వాళ్లవే, మీకు వచ్చేది పనికి కూలి రేటు. అది బలమైన స్థానం. దీన్ని నిరూపించే కాగితాలు: పర్మిట్ల నకళ్లు, రాయల్టీ చలాన్లు, అమ్మకపు ఇన్వాయిసులు, మీ రన్నింగ్ బిల్లులు. కానీ లీజుదారుకు మీరు అడ్వాన్సు లేదా అప్పు ఇచ్చి ఉంటే, వాళ్ల బ్యాంకు ఖాతా మీద మీ మనిషికి సంతకం అధికారం ఉంటే, మైనింగ్ ప్లాన్ మార్పులు మీరే చేయిస్తుంటే, అవన్నీ మాకు పనికొస్తాయి.

అయితే ఈ వాదనను లీజుదారు గట్టిగా చెప్పడానికీ జంకుతాడు. 'నా ఒప్పందం అక్రమ బదిలీ' అని తన అఫిడవిట్‌లోనే ఒప్పుకుంటే, రేపు గనుల శాఖ ఆ కాగితం పట్టుకునే షోకాజ్ ఇస్తుంది. పైగా మిమ్మల్ని పంపించి అచ్చంగా అదే ఒప్పందం కొత్త కాంట్రాక్టరుతో రాసుకుంటే, ఆ వాదన అక్కడే కూలిపోతుంది. కొత్త ఒప్పందం ముసాయిదాను కోర్టు ముందు పెట్టమని అడగండి.

ఎక్స్‌పార్టీ గురించి. ముందు ఆ కోర్టులో కేవియట్ ఉందో లేదో చూసుకోండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) 148ఏ కేవియట్ 90 రోజులు నిలుస్తుంది, ఉంటే నోటీసు ఇవ్వకుండా ఆర్డరు రాదు. లేకపోయినా ఆర్డర్ 39 రూల్ 3 ప్రకారం నోటీసు ఇస్తే ప్రయోజనమే దెబ్బతింటుందని కోర్టు కారణాలు రాయాలి. ఆర్డరు వచ్చిన వెంటనే దరఖాస్తు, అఫిడవిట్, పత్రాలు అన్నీ అవతలివాళ్లకు అందజేయాలి లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. అదే రోజో మర్నాడో ఆ సంగతి అఫిడవిట్ వేయాలి. ఇది సూటుకు రాసిన నియమం, అయినా సెక్షన్ 9లోనూ పాటించండి. నేనైతే ఆర్డరు ఎత్తేయమనే వెకేట్ పిటిషన్‌లో మొదటి పేరా దీని మీదే రాస్తాను.

రెండో పేరా దాచిపెట్టిన విషయాల మీద ఉంటుంది. రూల్ 4 ప్రకారం ముఖ్యమైన సంగతిలో తెలిసీ అబద్ధం చెప్పి ఎక్స్‌పార్టీ తెచ్చుకుంటే ఆర్డరు పోతుంది. ఉత్పత్తి తగ్గిందని వాళ్లు ముందు పంపిన హెచ్చరిక ఉత్తరాలు, వాటికి మీరు ఇచ్చిన జవాబులు లేదా ఇవ్వకపోవడం, మీరు కట్టాల్సిన పెనాల్టీలు, కూలీల పీఎఫ్ బకాయిలు ఉంటే అవి, అన్నీ మీరే పెట్టండి. మీ నోటి నుంచి వస్తే అది వివరణ. మా నోటి నుంచి వస్తే అది మోసం అవుతుంది.

ఆలస్యం కూడా. పది రోజులే అన్నారు కాబట్టి ఇప్పటికి ఫర్వాలేదు. ఉత్తరప్రత్యుత్తరాలు నడిపిస్తూ రెండు నెలలు కూర్చుంటే, కొత్త కాంట్రాక్టరు యంత్రాలు దించేసి పని మొదలుపెడతాడు. అప్పుడు బ్యాలెన్స్ ఆఫ్ కన్వీనియెన్స్ (ఎవరికి ఎక్కువ ఇబ్బంది అన్న తూకం) అటువైపు ఒరుగుతుంది.

ఇంకో వాదన కూడా రెడీగా ఉంటుంది, దానికి జవాబు సిద్ధం చేసుకోండి. ఎంఎండీఆర్ చట్టం 4ఏ(4) కింద రెండేళ్లు వరసగా తవ్వకం ఆగితే లీజు రద్దయిపోతుంది. గడువు ముందే దరఖాస్తు పెడితే మరో ఏడాదికి మించకుండా, మొత్తం లీజు కాలంలో ఒక్కసారే పొడిగింపు. 'తవ్వకం ఆపే ఆర్డరు ఇస్తే లీజే పోతుంది, రాష్ట్రానికి రాయల్టీ పోతుంది' అని లీజుదారు తప్పకుండా అంటాడు. మీరు తవ్వకాన్ని ఆపమనడం లేదు, మూడో వ్యక్తికి ఇవ్వొద్దంటున్నారు, అంతే అని ప్రేయర్‌లోనే తేటగా ఉంటే ఆ వాదన గాలికిపోతుంది.

---

పద్దులవాడు జవాబు:

బ్యాంకు గ్యారంటీ మీద ఆశ పెట్టుకోవద్దు. షరతుల్లేని గ్యారంటీ అయితే అసలు ఒప్పందంలో తగాదా ఉందన్న కారణంతో కోర్టు ఆపదు. యూపీ కోఆపరేటివ్ ఫెడరేషన్ వర్సెస్ సింగ్ కన్సల్టెంట్స్ (1988) నుంచి అదే దారి. గ్యారంటీనే దెబ్బతీసే తీవ్రమైన మోసం, లేదా డబ్బు మళ్లీ ఎప్పటికీ రాబట్టుకోలేనంత నష్టం, ఈ రెండే మినహాయింపులు. కానీ గ్యారంటీ పత్రాన్ని అక్షరం అక్షరం చదవండి. క్లెయిమ్ గడువు, ఇన్వొకేషన్ (గ్యారంటీ డబ్బు కోరే) ఉత్తరంలో ఏ వాక్యం ఉండాలని రాశారు, ఏ శాఖకు పంపాలి. ఉత్తరం ఆ మాటలకు సరిపోకపోతే బ్యాంకుకే రాయండి. ఓబీ పనికి ఇచ్చిన మొబిలైజేషన్ అడ్వాన్సు కోసం పెట్టిన గ్యారంటీ అయితే, అడ్వాన్సు ఎంత మేర బిల్లుల్లో కోత అయిందో లెక్క చూపించొచ్చు.

బిల్లు కాని స్టాకు మీద: ఖనిజం మీది కాదు, లీజుదారుది. ఒప్పందంలో లియన్ (బాకీ తీరేదాకా సరుకు పట్టి ఉంచుకునే హక్కు) క్లాజు లేకపోతే మీకున్నది డబ్బు క్లెయిమే. స్టాకు కదలకుండా ఆపమని అడిగితే కొనుగోలుదారులు, రాయల్టీ అంటూ పది అభ్యంతరాలొస్తాయి. బదులుగా ఇలా అడగండి: పర్మిటు నంబర్లతో సహా వారానికోసారి డిస్పాచ్ లెక్క ఇవ్వాలి, డిస్పాచ్ అయిన ప్రతి టన్నుకూ మా ఒప్పంద రేటు మొత్తాన్ని కోర్టులో జమ చేయాలి. ఇందులో ఎవరి వ్యాపారమూ ఆగదు కాబట్టి కోర్టు ఒప్పుకునే అవకాశం ఎక్కువ. డబ్బుకు సెక్యూరిటీ అడిగేటప్పుడు సుప్రీంకోర్టు 2022లోనే రెండు ధోరణుల్లో మాట్లాడిందని గుర్తుంచుకోండి. ఎస్సార్ హౌస్ తీర్పు కాస్త వెసులుబాటు ఇస్తుంది. సంఘి ఇండస్ట్రీస్ తీర్పు ఆస్తులు దాటించేస్తున్నారని ఆర్డర్ 38 రూల్ 5 (తీర్పుకు ముందే జప్తు) స్థాయిలో చూపించాలంటుంది. రెండో దానికి సరిపడేలా రాసుకుంటే మొదటిదానికీ సరిపోతుంది.

యంత్రాలు మాత్రం మీవే, అక్కడ మొహమాటం అక్కర్లేదు. ఒక్కోదానికి తయారీ కంపెనీ, మోడల్, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, కొనుగోలు ఇన్వాయిసు, హైపోథికేషన్ ఉంటే ఫైనాన్సు కంపెనీ పేరు, అన్నీ షెడ్యూలుగా వేయండి. టైర్లు, బ్యాటరీలు, రాక్ బ్రేకర్లు, స్క్రీన్ జాలీలు, జనరేటర్లు విడిగా రాయండి. షెడ్యూల్లో లేనిది గేటు దాటదు.

---

సివిల్‌సైడ్ జవాబు:

అన్నీ కలిపితే ప్రేయర్ దాదాపు ఇలా వస్తుంది, మీ లాయరుతో సరిచూసుకోండి:

'ఆర్బిట్రేషన్ ముగిసేవరకు, షెడ్యూల్-1లోని లీజు ప్రాంతంలో రైజింగ్, క్రషింగ్, స్క్రీనింగ్ పనులను ప్రతివాది స్వయంగా తప్ప వేరే ఏ వ్యక్తి లేదా సంస్థ ద్వారా, ఏ పేరుతోనైనా, చేయించకుండా నిరోధించాలి. షెడ్యూల్-2లోని యంత్రాలను దరఖాస్తుదారు తరలించుకోవడాన్ని అడ్డుకోకుండా నిరోధించాలి. అడ్వొకేట్ కమిషనర్ ద్వారా షెడ్యూల్-3లో చెప్పినట్టు పిట్, డంపు, స్టాకులను కొలిపించాలి. డిస్పాచ్ లెక్కలు సమర్పించి, టన్నుకు ఒప్పంద రేటు మొత్తాన్ని జమ చేయాలి.'

'ఏ పేరుతోనైనా' అన్న మాట వదలొద్దు. లేకపోతే కొత్త కాంట్రాక్టరు మర్నాడే 'యంత్రాల అద్దె ఒప్పందం', 'కూలీల సరఫరా ఒప్పందం' పేరుతో దిగుతాడు. అతణ్ని కూడా పిటిషన్‌లో ప్రతివాదిగా చేర్చండి. ఆర్బిట్రేషన్‌లో అతను పక్షం కాకపోయినా, తర్వాత 'నాకు ఆర్డరు సంగతి తెలియదు' అనే వీలుండదు.

యంత్రాల దగ్గర ఒక మెలిక ఉంది. మీ కాంట్రాక్టు నిలబెట్టమంటూనే యంత్రాలన్నీ తీసుకుపోతామంటే, పని చేసే ఉద్దేశం లేదని అంటారు. 'హక్కులకు భంగం లేకుండా, పని ఆగి ఉన్నంతకాలం యంత్రాలు చెడిపోకుండా, ఈఎంఐలు భారం కాకుండా' అని కారణం రాసి అడగండి.

'డిటర్మినబుల్' అన్న వాదన కూడా వస్తుంది. ఇండియన్ ఆయిల్ వర్సెస్ అమృత్‌సర్ గ్యాస్ (1991) చూపించి, రద్దు చేసుకోగల ఒప్పందానికి నష్టపరిహారమే గానీ పునరుద్ధరణ లేదంటారు. అక్కడ కారణం చెప్పకుండానే 30 రోజుల నోటీసుతో రద్దు చేసుకునే క్లాజు ఉంది. మీది కారణం ఉంటేనే రద్దు. ఈ తేడా మీద హైకోర్టులు ఒకే మాట మీద లేవు, అయినా వాదించదగ్గ తేడా. నష్టపరిహారం సరిపోతుంది కాబట్టి ఒప్పందాన్ని అమలు చేయించలేమన్న పాత కారణాన్ని స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 2018 సవరణ తీసేసింది. కోర్టు నిరంతరం పర్యవేక్షించాల్సిన పని, రద్దు చేసుకోగల స్వభావం, ఈ రెండు అడ్డంకులూ ఇంకా ఉన్నాయి.

ఏ కోర్టు అన్నది మర్చిపోవద్దు. గని ఉన్న జిల్లా అని పరుగెత్తకండి. ఆర్బిట్రేషన్ క్లాజులో 'సీటు' (ఆర్బిట్రేషన్‌కు చట్టపరమైన స్థానం) ఎక్కడని రాశారో అక్కడి కోర్టుకే అధికారం, 2019లో బీజీఎస్ ఎస్‌జీఎస్ సోమా తీర్పు తర్వాత దాదాపు స్థిరపడింది. తప్పు కోర్టులో తెచ్చిన ఎక్స్‌పార్టీ రెండు వారాల్లో పోతుంది, అప్పటికి హఠాత్తుగా వెళ్లిన లాభం కూడా పోతుంది, అవతలివాళ్లు సరైన కోర్టులో కేవియట్ వేసి కూర్చుంటారు.

---

బెంచ్‌కట్ రాశారు:

సీటు వేరే నగరంలోనే ఉంది. మంచి సమయంలో చెప్పారు. లీజుదారు కంపెనీలో డైరెక్టర్ల మధ్య కూడా గొడవలున్నాయని వింటున్నాం. ఒక వర్గం మాతో పని కొనసాగించాలంటోంది. వాళ్లు మా తరఫున అఫిడవిట్ ఇస్తామంటున్నారు.

---

రెస్పాండెంట్‌సైడ్ జవాబు:

అందులోకి దిగకండి. వాటాదారుల మధ్య అణచివేత, నిర్వహణ లోపాల తగాదా ఎన్‌సీఎల్‌టీకి (కంపెనీ లా ట్రిబ్యునల్) చెందింది, కంపెనీల చట్టం సెక్షన్ 430 అక్కడ సివిల్ కోర్టుకు తలుపు మూసేసింది. మీ పిటిషన్‌లో అది కలిస్తే, ఇది అసలు కంపెనీ లోపలి తగాదా, కాంట్రాక్టరు ముసుగులో ఒక వర్గం నడిపిస్తోంది అన్న రంగు పడుతుంది. ఆ డైరెక్టరు దగ్గర బోర్డు మినిట్స్ నకలు ఉంటే, లక్ష్యం తగ్గడానికి మీరు కారణం కాదని అందులో రాసి ఉంటే, దాన్ని కోర్టు ద్వారా తెప్పించమని అడగండి, అంతవరకే. లీజుదారు మీద దివాలా ప్రక్రియ ఏదైనా పెండింగులో ఉందేమో కూడా చూసుకోండి. దివాలా చట్టం (ఐబీసీ) సెక్షన్ 14 మారటోరియం (కేసులపై నిలుపుదల) పడితే మీ సెక్షన్ 9 అక్కడే ఆగిపోతుంది.

ఆర్డరు వస్తే దాని మీద అప్పీలు వాళ్లకు ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 37 కింద ఉంటుంది, గడువు 60 రోజులు, రాకపోతే మీకూ అంతే. దాటితే మన్నింపు దొరకడం కష్టమని 2021లో బోర్సే బ్రదర్స్ కేసులో చెప్పారు.

---

సివిల్‌సైడ్ జవాబు:

ఒక్కటి మిగిలింది. సెక్షన్ 9(2) ప్రకారం ఆర్డరు వచ్చిన 90 రోజుల్లో ఆర్బిట్రేషన్ మొదలుకావాలి, లేదా కోర్టు ఇచ్చిన అదనపు గడువులో. మొదలైనట్టు లెక్క మీరు నోటీసు పంపిన రోజు నుంచి కాదు, అవతలివాళ్లకు అందిన రోజు నుంచి, సెక్షన్ 21. ఇంజంక్షన్ చేతిలో ఉంది కదా అని నోటీసు సంగతి వదిలేసి, 85వ రోజున పోస్టులో వేసి, అది 'డోర్ లాక్డ్' అని తిరిగొచ్చి ఇరుక్కునేవాళ్లున్నారు. పిటిషన్ వేసిన వారంలోనే ఆ నోటీసు కూడా పంపేయండి. రిజిస్టర్డ్ ఆఫీసుకు, ఒప్పందంలో రాసిన చిరునామాకు, మెయిల్‌కు, మూడింటికీ. ట్రిబ్యునల్ కూర్చున్నాక మార్పులు, పొడిగింపులు అన్నీ సెక్షన్ 17 కింద అక్కడే అడగాలి. సెక్షన్ 9(3) వల్ల కోర్టు మామూలుగా ఇక కొత్త దరఖాస్తులు వినదు. అప్పటికే విని, మనసు పెట్టి పరిశీలించిన దరఖాస్తును మాత్రం ముగించొచ్చని 2021లో ఆర్సెలర్ మిట్టల్ నిప్పాన్ స్టీల్ వర్సెస్ ఎస్సార్ బల్క్ టెర్మినల్ కేసులో స్పష్టం చేశారు.

ఆర్డరు సర్టిఫైడ్ కాపీ ఒకటి జిల్లా గనుల కార్యాలయానికి కూడా ఇచ్చి రసీదు తీసుకోండి. వాళ్లు పక్షం కాదు, ఆర్డరు వాళ్లను కట్టడి చేయదు. కానీ కొత్త కాంట్రాక్టరు మనుషులు పర్మిట్ల కోసం అక్కడికే రావాలి, ఎవరి పేరుతో ఎవరు సంతకం పెట్టారో ఆ ఫైల్లోనే ఉంటుంది. రేపు ఉల్లంఘన దరఖాస్తు వేయాల్సి వస్తే మీకు కావాల్సింది ఆ ఫైలు నకలు, గేటు రిజిస్టరు నకలు.